సిరా గడ్డకట్టినా కలం చావదు

పాత ఫౌంటెన్ పెన్నును బాగుచేయడం కష్టమేమీ కాదు. ఎక్కడ ఆపాలో తెలియడమే కష్టం.

తాతగారి బీరువా సర్దుతుంటే అడుగున దొరుకుతుంది. మూత బిగుసుకుపోయి ఉంటుంది, లోపల సిరా గడ్డకట్టి ఉంటుంది. చాలా ఇళ్లలో అది చెత్తబుట్టకే పోతుంది. అయితే అలాంటి పెన్నుల కోసమే పాత సామాన్ల దుకాణాలు గాలించేవారు, వాటిని విప్పి మళ్లీ రాయించేవారు దేశమంతటా ఉన్నారు.

ఈ పనిలో మొదటి పాఠం నిదానం. ఎండిన సిరాను చల్లటి నీళ్లలో నానబెట్టి కరిగించాలి, దానికి రోజులు పట్టినా సరే. వేడినీళ్లు పోస్తే రబ్బరు, గంధకం కలిపి చేసిన ఎబొనైట్ నలుపు పోయి గోధుమ రంగుకు తిరుగుతుంది. సెల్యులాయిడ్ పెన్నుకు మంట తగిలిందా, భగ్గున అంటుకుంటుంది. 1941లో వచ్చిన పార్కర్ 51 ఒళ్లు యాక్రిలిక్. దాన్ని స్పిరిట్‌తో తుడిస్తే బీటలు వారే ప్రమాదముంది. అంటే మరమ్మతుకు దిగేముందు పెన్ను దేనితో చేసిందో తెలియాలి.

విదేశీ లివర్ పెన్నుల్లో ముందు పోయేది సిరా నిలిచే రబ్బరు తిత్తి. దాన్ని గీకి తీసేసి, కొత్త తిత్తిని లక్కతో అంటించి, పౌడరు అద్ది బిగిస్తారు. మన డ్రాపర్ పెన్నులకు ఆ బాధ లేదు. పెన్ను గొట్టమే సిరా బుడ్డి కాబట్టి కుళ్లిపోయేదేమీ ఉండదు. కానీ సిరా తగ్గేకొద్దీ చేతి వేడికి లోపలి గాలి వ్యాకోచించి జేబుమీద, కాగితంమీద మరక వేస్తుంది. వేడిని త్వరగా లోపలికి పోనివ్వని మందపాటి ఎబొనైట్ ఈ బెడదను కొంత తగ్గిస్తుంది.

ఎబొనైట్ అనగానే తెలుగువారికి గుర్తొచ్చేది రాజమండ్రి. స్వర్ణకారుడు కోసూరి వెంకటరత్నం గాంధీజీ సలహాతో స్వదేశీ కలం తయారీకి పూనుకున్నారు. విదేశీ భాగాలున్న తొలి పెన్నును గాంధీజీ ఒప్పుకోలేదని, పూర్తిగా ఇక్కడే చేసినదాన్ని పంపాకే స్వీకరించారని ఆ కుటుంబం చెబుతూ వచ్చింది. పెన్ను బాగుందని మెచ్చుకుంటూ 1935లో గాంధీజీ రాసిన లేఖతో రత్నం పెన్ను పేరు దేశమంతా పాకింది.

సేకర్తలకు అసలు చిక్కు ఇక్కడే. పాత రత్నం పెన్ను పాళీ చీలిపోయి దొరికిందనుకోండి. జర్మన్ పాళీ తొడిగితే రాత నున్నగా సాగుతుంది. కానీ పరదేశీ పాళీ వద్దన్న పట్టుదలతో పుట్టిన కలానికి అదే తగిలిస్తే మిగిలేదేమిటి? రాయని కలాన్ని అద్దాల పెట్టెలో దాచుకోవడంలో అర్థమేముందని ఎదుటి పక్షం అడుగుతుంది. రెండు వాదనల్లోనూ పస ఉంది. జాగ్రత్తపరులు కొత్త పాళీ వేసినా పాతదాన్ని పొట్లం కట్టి పెన్నుతోపాటే ఉంచుతారు. అమ్మేటప్పుడు ఆ సంగతి చెబుతారు. చెప్పకుండా నాలుగు పెన్నుల ముక్కలు అతికి ‘అసలుది’ అని అంటగట్టేవారికీ కొదవ లేదు.

మెరుగు పెట్టడంలోనూ ఇదే పేచీ. గొట్టంమీద చెక్కిన కంపెనీ గుర్తు, ఒక్కోసారి తొలి యజమాని పేరు, గరుకు కాగితంతో రుద్దితే శాశ్వతంగా పోతాయి. పెన్ను తళతళలాడుతుంది గానీ అది ఎవరిదో చెప్పే ఆధారం ఉండదు.

అందుకే అనుభవజ్ఞులు ఒక నియమం పాటిస్తారు: చేసిన ప్రతి మరమ్మతూ మళ్లీ విప్పడానికి వీలుగా ఉండాలి. సూపర్ గ్లూ ఉండగా లక్కే ఎందుకంటే కారణం అదే. కొద్దిపాటి వేడికి లక్క వదులుతుంది. మరో ముప్పై ఏళ్లకు తిత్తి మళ్లీ పాడైనప్పుడు, ఆ పెన్ను ఎవరి చేతికి చేరినా, దాన్ని విరగ్గొట్టకుండా విప్పగలుగుతారు.