చక్రాల యింట చరిత్ర గ్రామమునకు

సెలవులు రాగానే "ఎక్కడికి పోవుదము?" అన్న ప్రశ్న ప్రతి యింటను పుట్టును. ఊటీ, కొడైకెనాల్ పేర్లు ముందు వినవచ్చును గాని, వినుకొండకు ఉత్తరముగా రెండు గంటలకు మించని ప్రయాణములో నున్న కారెంపూడి పేరు ఎవ్వరి నోటను రాదు. దగ్గరనున్న దానిని చూడవలసినదిగా మనము తలపము. చరిత్ర ప్రసిద్ధమైన ఒక పల్లెను కుటుంబముతో ఎట్లు చూడవలెనో, చూచి ఏమి అడుగవలెనో వివరించుటయే ఈ వ్యాసోద్దేశము.

ఇటీవల మోటారు హోమ్ అను వాహనమును గూర్చి పలువురు ముచ్చటించుచున్నారు. పడకలు, వంటగట్టు, నీళ్లతొట్టి అమర్చిన చక్రాల యిల్లు అది. పేరు క్రొత్తదే గాని ఆలోచన మనకు పాతది. పల్నాటి రైతు గూడుబండిలో గడ్డి పరచి, బియ్యము, వంటపాత్రలు, ఎడ్లకు మేత వేసికొని ఆలుబిడ్డలతో కోటప్పకొండ తిరునాళ్లకు పోయి, రాత్రి ఆ బండి చెంతనే పండుకొనెడివాడు. 'కారవాన్' అను పారసీక పదము మన ఉర్దూ విద్యార్థులకు పరిచితమే. బాటసారుల బృందమని దాని అర్థము. హైదరాబాదులోని కార్వాన్ పేట ఆ మాటను నేటికిని మోయుచున్నది. ఆ పదమే ఐరోపాకు చేరి చక్రాల యింటికి పేరైనది. 1830-31 సంవత్సరములలో చెన్నపట్నము నుండి కాశికి పోయి వచ్చిన ఏనుగుల వీరాస్వామయ్య, మజిలీ మజిలీకి ఆ ఊరి నీటి వసతిని, దొరకు సరుకులను, జనుల ఆచారములను వ్రాసికొనెను. దారిని కూడ గమ్యము వలె చూచుట ఆయన నేర్పిన విద్య.

మేము ఆరుగురము ఒక అద్దె వ్యానులో పరుపులు, గ్యాసు పొయ్యి అమర్చుకొని వినుకొండ నుండి బయలుదేరితిమి. ఇట్టి వాహనము వలన లాభము సుఖము కాదు, తీరిక. మధ్యాహ్నము వచ్చి గంటలో వెడలిపోవు వానికి పల్లె తన గుడిని మాత్రమే చూపును. రాత్రి నిలిచిన వానితోనే అది మాటాడును. అరుగులపై వృద్ధులు కూర్చుండునది సాయంకాలముననే గదా!

కారెంపూడి నాగులేటి ఒడ్డున నున్నది. 12వ శతాబ్ది ఉత్తరార్ధమున పల్నాటి యుద్ధము జరిగిన చోటు ఇదియే. హైహయ వంశీయుడైన నలగామరాజు గురజాలలోను, అతని సవతి తమ్ముడు మలిదేవరాజు మాచర్లలోను ఏలుచుండిరి. అచట నాగమ్మ, ఇచట బ్రహ్మనాయుడు మంత్రులు. కోడిపందెములో ఓడిన మాచర్లవారు ఏడేండ్లు రాజ్యము విడిచిరి. గడువు తీరిన పిమ్మట తమ భాగమును అడుగుటకై పంపిన రాయబారి అలరాజు విషమునకు బలియయ్యెను. పిదప సాగిన పోరులో బ్రహ్మనాయుని కుమారుడు బాలచంద్రుడు మొదలుగా వీరులెందరో నేలకొరిగిరి. ఇరువైపుల వారికిని తీరని నష్టమును మిగిల్చిన యుద్ధమది.

ఈ కథకు సాక్షులు మూడు విధములు. మొదటిది గ్రంథము. శ్రీనాథుని పేర వెలసిన ద్విపద కావ్యము 'పల్నాటి వీరచరిత్ర' యుద్ధము ముగిసిన రెండు శతాబ్దులకు పైబడి పుట్టినది. కావున అది కంటితో చూచిన వాని సాక్ష్యము కాదు. రెండవది గానము. ఈ కథను పాడుచు కాపాడిన వీరవిద్యావంతులు మాల కులమునకు చెందినవారు. వారి నోట విన్న కథను జీన్ రోఘైర్ అను పరిశోధకుడు 1982లో ఆంగ్లమున గ్రంథముగా వెలువరించెను. మూడవది ఉత్సవము. ఏటేట కార్తిక అమావాస్యతో ఆరంభమై రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అను పేర్లతో అయిదు దినములు వీరుల ఆరాధన జరుగును. ఆచారవంతులు వీరుల ఆయుధములను మోసికొని వీరుల గుడికి వత్తురు. ఈ మూడు సాక్ష్యములను వేర్వేరుగా విని, ఒకదానితో నొకటి పోల్చి చూచుటయే చరిత్ర విద్యార్థి చేయదగిన పని.

ఈ మూటిలోను నిలిచిన విషయ మొకటి కలదు. అది చాపకూడు. బ్రహ్మనాయుడు అన్ని కులముల వారిని ఒకే చాపపై కూర్చుండబెట్టి భోజనము పెట్టెనని ప్రసిద్ధి. మాలవాడైన కన్నమదాసు అతని సేనకు నాయకుడు. ఇది వినగానే మా చిన్నవాడు, "ఆ చాపమీద ఇప్పుడు గూడ అందరును కూర్చుందురా?" అని అడిగెను.

ఆ ప్రశ్నకు జవాబు మేము బయలుదేరిన ఊరిలోనే యున్నది. వినుకొండలో 1895లో గుఱ్ఱం జాషువ జన్మించెను. చాపకూడు కథ పుట్టిన ఈ సీమలోనే, ఏడు శతాబ్దులు గడచిన పిమ్మట, ఆ మహాకవి కులము పేర అవమానములు పొందెను. ఆలయములో వ్రేలాడు గబ్బిలమునకు గల ప్రవేశము మనిషికి లేదన్న బాధతో ఆయన 1941లో 'గబ్బిలము' వెలువరించెను. రాజు మాట తప్పగా బాధపడిన పారసీక కవిని గూర్చి అంతకు ముందే, 1932లో, 'ఫిరదౌసి' వ్రాసెను. వేరొక భాషా కవి వేదనలో తన వేదనను గుర్తించిన ఆ హృదయము మన కళాశాలలోని రెండు భాషల వారికిని ఆదర్శము. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము తన 17వ అధికరణముతో అస్పృశ్యతను నిషేధించినది. చట్టము చాపను పరచగలదు. దానిపై ఇరుగుపొరుగులతో కూర్చుండుట మన పని. కథను పూజించి, దాని భావమును మరచుట సులభమని కారెంపూడి మనకు తెలుపుచున్నది.

ఇక యాత్రికులకు కొన్ని సూచనలు. గ్రామ పెద్దలను అడిగి వారు చూపిన చోటనే వాహనము నిలుపవలెను. వాడిన నీటిని, చెత్తను నాగులేటి ఒడ్డున విడువరాదు. వీరుల గుడిలోని శిలలపై పేర్లు చెక్కుట, సున్నము రాచుట తగదు. వృద్ధులు చెప్పునది నడుమ అడ్డుపడక విని, రాత్రి నిద్రకు ముందు వ్రాసికొనవలెను. తీరిక యున్నచో గురజాలను, చంద్రవంక చెంతనున్న మాచర్ల చెన్నకేశవాలయమును కూడ చూచి రావలెను.

మన విద్యార్థులను ఒక ఏడాది కార్తిక అమావాస్య దినములలో కారెంపూడికి తీసికొనిపోవుటకు కళాశాల కమిటీ వారు ఆలోచింతురని ఆశించుచున్నాము. దానికి చక్రాల యిల్లే కావలెనని లేదు, ఒక బస్సును, రెండు దినముల తీరికయు చాలును. భోజనము వేళ అందరము ఒకే చాపపై కూర్చున్నచో ఆ యాత్ర సఫలమైనట్లే.