పాత మోటారుసైకిళ్లకు ఎల్.ఇ.డి. ఇండికేటర్లు



పంటలను గూర్చి వ్రాయవలసినవాడు బండ్లను గూర్చి వ్రాయుట యేమని కొందఱు నవ్వవచ్చును. కాని ముదినేపల్లి నుండి కైకలూరు వైపునకు తెల్లవాఱకమునుపే పాలక్యాన్లతోను మేతమోపులతోను పోవు మోటారుసైకిళ్లలో మిక్కిలి పాతవి పెక్కులు గలవు. వాని ఇంజను బాగుగనే యుండును. దీపములే సరిగా వెలుగవు. పుష్యమాసపు మంచులో, వెనుక చేపలలారీ వచ్చుచుండగా, కుడిప్రక్క చెఱువుగట్టు మీదికి తిరుగబోవు రైతు చేయి చాపినను లారీవానికి కనబడదు. ఇండికేటరు వెలుగకున్న ప్రాణాపాయమే.

ఇప్పుడు పలువురు పాత బల్బులు తీసి ఎల్.ఇ.డి. దీపములు వేయించుచున్నారు. మంచిదే. అయితే దీపము కొనుటకు ముందు ఎర్తు చూడవలెను. మన డెల్టాలో సాగుకాలువ యెంత నిండుగా పాఱినను మురుగుకాలువ పూడిన చేను చెడునుగదా! కరెంటును అట్టిదే. బ్యాటరీ నుండి తీగెవెంట దీపమునకు వచ్చిన కరెంటు, బండి చట్రము ద్వారా మరల బ్యాటరీకి చేరవలెను. ఆ తిరుగుదారినే ఎర్తు అందురు. కొల్లేటి చెమ్మకు బోల్టులు త్రుప్పుపట్టి ఈ దారి మూసికొనిపోవును.

గత వర్షాకాలమున నా బండికే వెనుక ఇండికేటర్లు మిణుకుమిణుకుమనుచుండెను. ఒక వర్కుషాపువారు బ్యాటరీ చచ్చినదని చెప్పి క్రొత్తది వేసిరి. మూడవనాడు మరల అదే తంతు. అప్పుడొక తీగెముక్క తీసికొని, ఒక కొనను బ్యాటరీ మైనసుకును, రెండవ కొనను దీపపు ఎర్తుతీగెకును తాకించితిని. దీపము నిండుగా వెలిగెను! వెనుక మడ్‌గార్డు క్రిందనున్న బోల్టు త్రుప్పుముద్దయై యుండెను. ఉప్పుకాగితముతో రుద్ది, బిగించి, కొంచెము గ్రీజు పూసితిని. ఖర్చేమియు లేదు, బ్యాటరీ డబ్బు మాత్రము దండుగ. ఈ పరీక్ష చేయునపుడు తీగెను ప్లస్సుకు తాకింపరాదు.

ఇక ఎల్.ఇ.డి. సంగతి. 12 వోల్టుల బండికి ఇండికేటరు బల్బు సాధారణముగా 10 వాట్లది. ఒక ప్రక్కకు ముందు వెనుకలు కలిసి 20 వాట్లు, అనగా ఇంచుమించు 1.7 ఆంపియర్లు. ఎల్.ఇ.డి.లు రెండును కలిసి రెండు మూడు వాట్లకు మించుట అరుదు. ముసలి బ్యాటరీకి ఇది గొప్ప ఊరట. కాని తగిలించిన పిమ్మట కొన్ని బండ్లలో దీపము ఆరక వెలిగియే యుండును. కొన్నిటిలో మిక్కిలి వేగముగా కొట్టుకొనును. దీపము నకిలీదని అంగడివానిని నిందింపకుడు. పాత ఫ్లాషరులోని రేకు కరెంటు వేడికి వంగి, చల్లాఱి, మరల కలియును. 20 వాట్లకు అమర్చిన రేకు రెండు వాట్లకు వేడెక్కదు. తరువాతి కాలపు ఫ్లాషర్లు కొన్ని, కరెంటు తగ్గగనే ఒక బల్బు పోయినదనుకొని వేగిరపడును.

ఎల్.ఇ.డి. కొఱకు చేసిన ఫ్లాషరు వేయుటయే సరియైన మందు. కొందఱు మెకానిక్కులు దీపమునకు జతగా రెసిస్టరు కట్టుదురు. ఆడును గాని, మిగిలిన కరెంటునంతయు అదియే త్రాగి, ప్రక్కనున్న ప్లాస్టిక్కు కరగునంతగా కాలును. నాకది సమ్మతము కాదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమావళి ననుసరించి దీపము నారింజపసుపు వన్నెగా, నిమిషమునకు 60కి తగ్గక 120కి మించక వెలిగి ఆరవలెను. గడియారము చూచి లెక్కింపుడు.

మఱియొక చిక్కు గలదు. మీటరులో రెండు ప్రక్కలకును ఒకటే చిన్నదీపముండు బండ్లలో, ఎడమకు స్విచ్చి వేసిన నాలుగు దీపములును ఆడును. ఆ చిన్నదీపము ఎడమతీగెకును కుడితీగెకును నడుమ గట్టుగండివలె నుండుటచే కరెంటు అవతలి ప్రక్కకు జాఱును. ఆ కొద్దిపాటికి బల్బు వెలుగదు గాని ఎల్.ఇ.డి. వెలుగును. ఒకవైపే తెఱచుకొను తలుపువంటి డయోడులు రెండు తెచ్చి, ఎడమతీగె నుండి ఒకటి, కుడితీగె నుండి ఒకటి చిన్నదీపపు ఒక కాలికి కలిపి, రెండవ కాలిని ఎర్తు చేయవలెను.

ఎల్.ఇ.డి.కి ప్లస్సు మైనసులు తాఱుమాఱైన వెలుగదు. మార్చి తగిలించిన చాలును. పాత రాజ్‌దూత్ వంటి 6 వోల్టుల బండికి 12 వోల్టుల దీపము పనికిరాదు. మల్టీమీటరుతో చూచిన, ఇంజను ఆపియున్నపుడు నిండిన బ్యాటరీ 12.6 వోల్టులకు తగ్గరాదు. ఇంజను వేగమందినపుడు 13.5 నుండి 14.5 వఱకు నుండవలెను. 15 దాటిన రెగ్యులేటరు చెడినదని యెఱుగుడు. దానిని మార్చకయే క్రొత్తదీపములు వేసిన అవియు కాలిపోవును. ఈ మీటరు నొకదానిని సంఘము తరఫున కొని యుంచిన అందఱకును ఉపయోగపడును.

పని ముగియగనే ఫ్యూజు చూడుడు. ఫ్యూజు పోయినచోట రాగితీగెగాని సిగరెట్టుకాగితముగాని చుట్టియున్న, దానిని తీసివేసి, బండికి నిర్ణయించిన ఆంపియర్ల ఫ్యూజునే వేయుడు.