తప్పున్న వాక్యమును గుర్తించుట ఎట్లు?

కేంద్ర సాయుధ పోలీసు దళములలో కానిస్టేబులు ఉద్యోగమునకు పదవ తరగతి చదువు చాలును. అందువలన మన గ్రామముల యువతీ యువకులు పలువురు ఈ పరీక్షకు కూర్చొనుచున్నారు. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ వారు 2024 నుండి దీనిని తెలుగులో కూడ వ్రాయు వీలు కల్పించిరి. సంతోషమే. కాని 80 ప్రశ్నలలో 20 ప్రశ్నల భాషా భాగమును మాత్రము ఇంగ్లీషుననో హిందీలోనో వ్రాయక తప్పదు. ఇంగ్లీషు భాగములో మన పిల్లలను తడబెట్టునవి తప్పును గుర్తింపుమను ప్రశ్నలు. జక్రాన్‌పల్లి వంటి చోట్ల తెలుగు మాధ్యమమున చదివినవారు వీనిని చూచి, వ్యాకరణము రాదని విడిచిపెట్టుట కలదు. లోపము వారి తెలివిలో లేదని మా యభిప్రాయము. వారు ఇంగ్లీషు వాక్యమును తెలుగు చెవితో వినుచున్నారు, అంతే.

ఈ ప్రశ్నలలో వాక్యమును ముక్కలు చేసి ఇత్తురు. తప్పున్న ముక్కను చూపిన చాలును. మన మార్కెట్టు మాటనే తీసికొందము: 'ది ప్రైస్ ఆఫ్ టర్మరిక్ ఫింగర్స్ / హావ్ ఫాలెన్ / దిస్ వీక్.' పసుపు కొమ్ముల ధర ఈ వారము పడిపోయినదని దీని భావము. తెలుగులో 'ధర' అను మాట కొమ్ముల తరువాత, క్రియ వైపున నుండును. ఇంగ్లీషులో ధర ముందు వచ్చి, కొమ్ములు క్రియ ప్రక్కన నిలుచును. కొమ్ములు బహువచనము గనుక 'హావ్' సరియేనని చెవి చెప్పును. కాని పడిపోయినది ధర. 'హాజ్' అని యుండవలెను. కావున మొదట క్రియను పట్టుకొని, 'ఏమి పడిపోయినది?' అని తెలుగులోనే ప్రశ్నించుకొనవలెను. 'ఆఫ్' తో మొదలగు మాటలను మనసులో తీసివేసి చదివినచో తప్పు తేటపడును.

రెండవ రకము మాటకు మాట తెనుగించుటవలన వచ్చునది. రోడ్డును గురించి చర్చించితిమి అనుటకు 'డిస్కస్డ్ అబౌట్ ది రోడ్' అందురు. మీ సమావేశములలో రోడ్లను గురించి చర్చింపక తీరదు గాని, ఇంగ్లీషు 'డిస్కస్' లో ఆ 'గురించి' ఇమిడియే యున్నది. 'తిరిగి వచ్చెను' అనుటకు 'రిటర్న్‌డ్ బ్యాక్' అనుటయు, 'నాకంటె సీనియర్' అనుటకు 'సీనియర్ టు మీ' అనక 'సీనియర్ దాన్ మీ' అనుటయు ఇట్టివే. 'ఎ', 'యాన్' అనునవి అక్షరమును బట్టి కాక ఉచ్చారణను బట్టి వచ్చును: 'యాన్ అవర్', 'ఎ యూనివర్సిటీ'.

ఏ ముక్కలోను తప్పు కనబడనిచో, జవాబులలో 'తప్పు లేదు' అని యున్నదేమో చూడవలెను. అదియు నిజమైన జవాబే. దానిని గుర్తించుటకు భయపడి లేని తప్పును కల్పించువారే ఎక్కువ.

ఈ పరీక్షలో సరియైన జవాబునకు 2 మార్కులు, తప్పునకు 0.25 కోత. నాలుగేసి జవాబులున్న నాలుగు ప్రశ్నలను కేవలము ఊహించి, ఒకటి సరిపడినను 2 వచ్చి 0.75 పోవును, 1.25 మిగులును. ఖాళీగా విడుచుట వలన లాభము లేదు. ఈ కోత అన్ని పరీక్షలకు ఒకటి కాదు. ప్రకటన చూచి లెక్క వేసికొనవలెను. 60 నిమిషములలో 80 ప్రశ్నలు, అనగా ఒక్కొక్కదానికి 45 సెకండ్లే. తెగని ప్రశ్నను ప్రక్కనబెట్టి ముందునకు సాగవలెను.

సభ్యులు చేయదగిన పని చిన్నదే. పంచాయతీ కార్యాలయములో సాయంకాలము ఒక గదిని తెరిపించి, పాత ప్రశ్నపత్రములను ఉంచుడు. పొరబడిన ప్రతి వాక్యమును, పొరపాటునకు కారణమును పిల్లలచే ఒక నోటు పుస్తకములో వ్రాయించుడు. ఊరి పాఠశాల ఉపాధ్యాయుని వారమునకొకసారి ఆ పుస్తకమును చూడుమని కోరుడు.