మైదానంలో ఫైనల్... రన్‌వే మీద పరీక్ష

2023 నవంబరు 19న అహ్మదాబాద్‌లో ప్రపంచ కప్ క్రికెట్ ఫైనల్ జరిగింది. ఫలితం మనందరికీ గుర్తే. గుర్తు చేసుకోవడం ఎవరికీ ఇష్టం లేదు, అంతే. బదిలీ మీద నేను అప్పుడు ఆ ఊళ్లోనే పనిచేస్తున్నాను. మ్యాచ్ గురించి పత్రికలు పేజీలకు పేజీలు రాశాయి. అదే రోజు ఆ ఊరి విమానాశ్రయం ఎదుర్కొన్న పరీక్ష గురించి మాట్లాడుకున్నవారు తక్కువ. బదిలీలు, పిల్లల చదువులు, ఎల్‌ఎఫ్‌సి ప్రయాణాలు మన కుటుంబాలకు మామూలే కాబట్టి, పెద్ద ఆట ఒకటి ఊళ్లోకి వస్తే విమానాలకు, ప్రయాణికులకు ఏమవుతుందో తెలుసుకోవడం మనకు పనికొచ్చే విషయమే.

లక్షా ముప్పై రెండు వేల సీట్లు, ఒకే రన్‌వే

మొతేరాలోని నరేంద్ర మోదీ స్టేడియంలో 1,32,000 మంది కూర్చోవచ్చు. ప్రేక్షకుల్లో నలుగురికి ఒకరు విమానంలో వచ్చారనుకుందాం. అంటే 33,000 మంది. మన దేశంలో ఎక్కువగా తిరిగే విమానాల్లో సుమారు 180 సీట్లుంటాయి. ఈ లెక్కన 180కి పైగా విమానాలు నిండుగా రావాలి, మ్యాచ్ అయ్యాక దాదాపు అన్నీ నిండుగా తిరిగి వెళ్లాలి. రోజూ నడిచే విమానాలకు ఇవి అదనం. అహ్మదాబాద్‌లో ఉన్నది ఒకటే రన్‌వే. దిగే విమానమైనా, ఎగిరే విమానమైనా దాని మీద వంతు కోసం ఆగాల్సిందే.

పైగా అది దీపావళికి సొంతూళ్లకు వెళ్లినవారు తిరిగివచ్చే వారం, ఉత్తరాదిలో ఛఠ్ పూజల వారం కూడా. ఆ శని, ఆదివారాల్లో దేశంలో రోజుకు నాలుగున్నర లక్షలమందికి పైగా విమానాల్లో ప్రయాణించారు. అప్పటికి అదే రికార్డు. అహ్మదాబాద్ విమానాశ్రయం ఫైనల్ రోజున 40 వేలమందికి పైగా ప్రయాణికులను చూసి తన రికార్డును తానే దాటింది.

స్లాట్ అంటే ఏమిటి?

విమానం, పైలట్, ప్రయాణికులు సిద్ధంగా ఉంటే చాలు, అదనపు సర్వీసు నడపవచ్చని మనం అనుకుంటాం. విమానాశ్రయంలో అలా కుదరదు. ఏ విమానం ఏ వేళకు దిగాలి, ఏ వేళకు బయలుదేరాలి అన్నది ముందుగా కేటాయిస్తారు. ఆ కేటాయింపునే స్లాట్ అంటారు. గంటకు ఇన్ని అని లెక్క ఉంటుంది. అవి నిండితే తర్వాత వచ్చినవారికి అర్ధరాత్రో తెల్లవారుజామో మిగులుతుంది.

మన శాఖల్లో పింఛన్ల రోజును గుర్తు చేసుకోండి. ఖజానాలో డబ్బు నిండుగా ఉన్నా, కౌంటర్లు రెండే ఉంటే వరుస వీధిలోకి వస్తుంది. 2016 నవంబరులో పనిచేసినవారికైతే ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. విమానాశ్రయంలో రన్‌వే కూడా అలాంటి కౌంటరే.

దిగిన విమానం ఎక్కడ నిలబడాలి?

రన్‌వే తర్వాతి చిక్కు పార్కింగ్. మామూలు సర్వీసు విమానం ప్రయాణికులను దించి, కొత్తవారిని ఎక్కించుకుని గంటలోపే వెళ్లిపోతుంది. మ్యాచ్ చూడటానికి సొంత విమానాల్లో, అద్దె విమానాల్లో వచ్చేవారి సంగతి వేరు. వారి విమానం రాత్రి దాకా ఎదురుచూడాలి. ఒక్కో విమానంలో వచ్చేది పదిమందే అయినా, అది ఆక్రమించిన చోటు రోజంతా ఖాళీ కాదు. అందుకే ఇలాంటి రోజుల్లో యజమానులను దించి, విమానాన్ని పక్క ఊళ్లకు పంపేస్తారు. మ్యాచ్ చివరి ఓవర్లకు వచ్చేసరికి అది మళ్లీ రావాలి. అంటే ఒకే ప్రయాణానికి రన్‌వే మీద రెట్టింపు రాకపోకలు.

ఈ ఏర్పాటు తప్పితే ఏమవుతుందో దక్షిణాఫ్రికాలోని డర్బన్ చూసింది. 2010 ఫుట్‌బాల్ ప్రపంచ కప్ కోసం అక్కడ కింగ్ షాకా పేరుతో కొత్త విమానాశ్రయం కట్టి, ఆ ఏడాది మే 1న తెరిచారు. జూలై 7న జర్మనీ, స్పెయిన్ సెమీ ఫైనల్ వచ్చింది. ప్రముఖుల సొంత విమానాలు కొన్ని దిగాక చోటు వదలలేదు. వెనక వస్తున్న ప్రయాణికుల విమానాలకు నిలిచే చోటు లేకపోయింది. కొన్ని గాల్లో చక్కర్లు కొట్టాయి, కొన్ని వెనక్కి మళ్లాయి. టికెట్లు చేతిలో ఉన్న వందలమంది మ్యాచ్ చూడలేకపోయారు. అధికారులు క్షమాపణ చెప్పి, పరిహారం ప్రకటించాల్సి వచ్చింది. కొత్త భవనానికి, కొత్త రన్‌వేకి లోటు లేదు. లోటల్లా నిలిచే చోటికే.

ఆకాశానికి తాళం

మ్యాచ్‌కు ముందు మన వాయుసేన సూర్యకిరణ్ జట్టు స్టేడియం మీద విన్యాసాలు చేసింది. మా మేడ మీదికి ఎక్కిన పిల్లల కేరింతలు నాకింకా గుర్తు. విమానాశ్రయం ఆ స్టేడియానికి దగ్గరే. అందువల్ల ఆ మధ్యాహ్నం సుమారు ముప్పావు గంట రాకపోకలు ఆపారు. రద్దీ రోజున ముప్పావు గంట ఆగితే ఆ ఆలస్యం అక్కడితో తీరదు. ఇక్కడ ఆగిన విమానమే సాయంత్రం మరో ఊరి నుంచి బయలుదేరాలి కదా!

భద్రత కోసం ఇంకా పెద్ద తాళాలూ పడతాయి. 2024 జూలై 26న పారిస్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవానికి నగరం చుట్టూ 150 కిలోమీటర్ల మేర ఆకాశాన్ని సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాకా మూసేశారు. యూరప్‌లోని అతి రద్దీ విమానాశ్రయాల్లో ఒకటైన షార్ల్ ద గాల్ కూడా ఆ కొద్ది గంటలు నిశ్శబ్దమైపోయింది.

ధర ఎవరి జేబులోంచి?

1994లో ఎయిర్ కార్పొరేషన్ల చట్టం రద్దయ్యాక టికెట్ ధరలు విమాన సంస్థల చేతిలోకి వచ్చాయి. ఒకే విమానంలో సీట్లను కొన్ని ధరల మెట్లుగా విభజిస్తారు. చవక మెట్టు నిండగానే పై మెట్టు తెరుచుకుంటుంది. ఫైనల్‌కు ముందు రోజుల్లో కింది మెట్లన్నీ క్షణాల్లో నిండాయి. మిగిలినవి మామూలు ధరకు ఎన్నో రెట్లున్న సీట్లే.

అభిమాని ఆ ధర ఇష్టపడి ఇస్తాడు. ఆటతో సంబంధం లేనివారి మాటేమిటి? మా కార్యాలయంలో ఒక తెలుగు సహోద్యోగి ఉండేవారు. వాళ్ల నాన్నగారిని విశాఖలో ఆస్పత్రిలో చేర్చారని ఫైనల్ రోజు రాత్రే కబురొచ్చింది. మర్నాడు అహ్మదాబాద్ నుంచి బయలుదేరే సీటుకు తెర మీద కనిపించిన ధర చూసి ఆయన మాట్లాడలేకపోయారు. చివరకు తెల్లవారుజామున రైలెక్కి వడోదర వెళ్లి, అక్కడి నుంచి హైదరాబాద్ మీదుగా విశాఖ చేరారు. నాన్నగారు కోలుకున్నారు. అయినా పెద్ద పండగ జరిగే ఊళ్లో అత్యవసరం ఉన్నవారికి కాస్త చోటు ఎవరు ఉంచాలన్న ప్రశ్న నన్ను వదల్లేదు. రైల్వేలు ఆ రోజుల్లో ప్రత్యేక రైళ్లు నడిపి కొంత భారం తగ్గించాయి. దానికి మెచ్చుకోవాలి.

ఆట వస్తే రద్దీ పెరగాల్సిందేనా?

ఇక్కడొక విచిత్రం ఉంది. లండన్ ఒలింపిక్స్ జరిగిన 2012 జూలైలో హీత్రూ విమానాశ్రయంలో ప్రయాణికులు అంతకు ముందు ఏడాదికన్నా తగ్గారు. రద్దీకి, ధరలకు భయపడి మామూలు యాత్రికులు, వ్యాపారస్తులు ఆ ఊరికి రావడం మానుకున్నారు. 2024లో పారిస్ ఆటల సమయంలోనూ ఇదే జరిగింది. ప్రయాణికులు పారిస్‌ను తప్పించుకోవడం వల్ల 16 నుంచి 18 కోట్ల యూరోల ఆదాయం తగ్గవచ్చని ఎయిర్ ఫ్రాన్స్ కేఎల్ఎం ముందే ప్రకటించింది. ఒక్క రోజు ఫైనల్ జనాన్ని కుమ్మరిస్తుంది. వారాల తరబడి సాగే ఆటలు కొందరిని తెచ్చి, మరికొందరిని తరిమేస్తాయి.

ఎంబీఏ తరగతిలో మాకు చెప్పిన మాట ఒకటుంది: సగటు రోజును చూసి సామర్థ్యం నిర్ణయిస్తే రద్దీ రోజున కూలిపోతాం, రద్దీ రోజును చూసి కడితే మిగతా ఏడాదంతా వడ్డీ కడతాం. తెలివైన నగరాలు మధ్య దారి వెతికాయి. లండన్‌లో ఆటలు ముగిసిన మర్నాడు క్రీడాకారులు సామానుతో ఒకేసారి బయలుదేరతారని తెలిసి, హీత్రూలో సిబ్బంది కార్లు నిలిపే స్థలంలో తాత్కాలిక టెర్మినల్ కట్టారు. మూడు రోజులు వాడి తీసేశారు. 2022 ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌కు దోహా తన పాత విమానాశ్రయాన్ని కొన్ని నెలలు మళ్లీ తెరిచింది. దుబాయ్, మస్కట్ వంటి పొరుగు నగరాల నుంచి ఉదయం వచ్చి, మ్యాచ్ చూసి, రాత్రికి వెళ్లిపోయే విమానాలు నడిపించింది.

2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌కే దక్కాయి. ఒక్క రోజు ఫైనల్ నేర్పిన పాఠాలు అప్పుడు రోజుల తరబడి అక్కరకొస్తాయి. స్టేడియం మనకుంది. చూడాల్సింది నిలిచే చోట్లు, పక్క ఊళ్ల విమానాశ్రయాలు, రైళ్లు.

మన కుటుంబాలకు నాలుగు మాటలు

టికెట్ కొనేముందు ఆ తేదీల్లో ఆ ఊళ్లో పెద్ద మ్యాచ్ ఉందేమో చూడండి. ఆటకు ముందు రోజు, తర్వాతి రోజు కూడా రద్దీ రోజులే.

పక్క ఊరి విమానాశ్రయాన్నీ వెతకండి. రెండు గంటల రైలు ప్రయాణం వేల రూపాయలు మిగల్చవచ్చు.

మ్యాచ్ కోసమే వెళుతుంటే, తేదీ మార్చుకోగల టికెట్ తీసుకోండి. 2023లో భారత్, పాకిస్తాన్ మ్యాచ్‌ను నవరాత్రుల వల్ల అక్టోబరు 15 నుంచి 14కు జరిపారు. ముందే కొన్నవారికి మార్పిడి ఖర్చు మీద పడింది.

ఆ రోజు ఒక విమానం దిగి మరోటి ఎక్కాల్సి ఉంటే, మధ్యలో కనీసం నాలుగు గంటలు ఉంచుకోండి. ఆకాశంలో ఆలస్యం అంటువ్యాధి లాంటిది. మీ విమానం ఆ ఊరికి వెళ్లకపోయినా, ఆ ఊరి నుంచి రావాల్సినది కావచ్చు.