తాళం గేటు వరకేనా?

ఫోన్‌లో టికెట్ బుక్ చేస్తుంటే వెబ్ అడ్రస్ ముందు ‘హెచ్‌టీటీపీఎస్’ కనిపించిందంటే మనకో ధీమా. దారిలో ఎవరూ మన పాస్‌వర్డ్ చదవలేరని! నిజమే. కానీ ఆ రక్షణ ఎక్కడిదాకా? హైదరాబాద్‌లో ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీలో సర్వర్లు చూసుకోవడం నా పని. కొత్తగా చేరే జూనియర్లను నేనడిగే మొదటి ప్రశ్న ఇదే.

వాచ్‌మన్ ఏం చేస్తాడు?

ఇప్పుడు పెద్ద యాప్‌లన్నీ ముక్కలు ముక్కలుగా ఉంటాయి. లాగిన్ ఒక కంటెయినర్‌లో, పేమెంట్ మరో కంటెయినర్‌లో. వీటిపై అజమాయిషీ కుబెర్నెటిస్‌ది. గూగుల్ 2014లో బయటపెట్టిన సాఫ్ట్‌వేర్ ఇది. పెద్ద అపార్ట్‌మెంట్ అనుకోండి. గేటు దగ్గరుండే వాచ్‌మన్ పేరు ‘ఇంగ్రెస్ కంట్రోలర్’.

మీ ఫోన్ 443 పోర్టుకి వచ్చి, ఏ సైట్ కావాలో పేరు చెబుతుంది. వాచ్‌మన్ ఆ పేరున్న సర్టిఫికెట్ చూపిస్తాడు. ఫోన్ ఓకే అనుకుంటే సీల్ వేసిన కవర్లలో మాటలు మొదలు. ఏ ఫ్లాట్‌కి పంపాలో తెలియాలంటే కవరు విప్పాలి కదా! అదే ‘టీఎల్‌ఎస్ టర్మినేషన్’. చాలాచోట్ల అక్కడి నుంచి లోపలికి విప్పిన ఉత్తరమే వెళ్తుంది.

విప్పకుండా నేరుగా ఫ్లాట్‌కే పంపొచ్చు. దాన్ని ‘పాస్‌త్రూ’ అంటారు. అప్పుడు వాచ్‌మన్‌కి సైట్ పేరు తప్ప ఇంకేం తెలియదు. లేదంటే విప్పి చూసి, మళ్లీ సీల్ వేసి పంపొచ్చు. డబ్బు, ఆరోగ్యం వివరాలుండే యాప్ అయితే నా ఓటు దీనికే.

లోపలి దొంగ

‘లోపలికి ఎవరొస్తారులే’ అనేవాళ్లకి 2025 మార్చి గుర్తుచేస్తాను. బాగా వాడుకలో ఉన్న ‘ఇంగ్రెస్ ఎన్‌జిన్‌ఎక్స్’లో పెద్ద లోపం బయటపడింది. తీవ్రత 10కి 9.8! లోపలి నెట్‌వర్క్‌లో అడుగుపెట్టినవాడు క్లస్టర్ మొత్తాన్నీ గుప్పిట్లోకి తెచ్చుకునే ప్రమాదం. ఎందుకంటే మామూలు సెట్టింగ్స్‌లో ఆ వాచ్‌మన్ దగ్గర అన్ని ఫ్లాట్ల తాళాలూ ఉంటాయి. అదే ఏడాది నవంబరులో, 2026 మార్చి తర్వాత దీనికి సెక్యూరిటీ ప్యాచ్‌లు ఉండవని ప్రకటించారు. అందుకే ఇప్పుడు నేర్చుకునేవాళ్లు ‘గేట్‌వే ఏపీఐ’తోనే మొదలెట్టడం మేలు.

గడువు తీరితే గోవిందా

నేను ఇంతకుముందు పనిచేసిన చోట ఓ ఆదివారం పొద్దున్నే యాప్ ఆగిపోయింది. సర్వర్లు భేషుగ్గా ఉన్నాయి. తీరా చూస్తే సర్టిఫికెట్ గడువు అర్ధరాత్రే తీరిపోయింది. గుర్తుచేసే మెయిల్స్ ఎప్పుడో మానేసి వెళ్లిన ఉద్యోగి ఇన్‌బాక్స్‌కి వెళ్తున్నాయట! కొత్త సర్టిఫికెట్ వచ్చేదాకా కస్టమర్లకు కనిపించింది ఒక్కటే... ‘ఈ సైట్ సురక్షితం కాదు’.

2029 మార్చి నుంచి పబ్లిక్ సర్టిఫికెట్ల గరిష్ఠ గడువు 47 రోజులే. క్యాలెండర్‌లో రాసుకుని మార్చే రోజులు పోయినట్టే. ‘సర్ట్ మేనేజర్’ లాంటి టూల్ పెడితే గడువు దగ్గరపడగానే ‘లెట్స్ ఎన్‌క్రిప్ట్’ నుంచి కొత్తది ఉచితంగా తెచ్చి పెడుతుంది. అయినా అలర్ట్ పెట్టాల్సిందే. అది ఒక్కరి మెయిల్‌కి కాదు, టీమ్ మొత్తానికి వెళ్లాలి.

ఇదంతా నేర్చుకోవడానికి క్లౌడ్ బిల్లు కట్టక్కర్లేదు. ల్యాప్‌టాప్‌లో ‘మినీక్యూబ్’ వేసుకుని, సొంతంగా సర్టిఫికెట్ తయారుచేసుకుని, గేటు పెట్టి చూడండి. ఇంటర్వ్యూలో ‘కవరు ఎక్కడ విప్పుతారు, ఎందుకు?’ అని అడిగితే బొమ్మ గీసి చెప్పగలిగితే చాలు... నాలాంటివాళ్లు మిమ్మల్నే తీసుకుంటారు.