కాయల ఘాటు వేరు, న్యుమోనియా వేరు

మిరప కోతలు మొదలైతే గుంటూరు, ప్రకాశం పల్లెలలో దగ్గు వినిపించని ఇల్లుండదు. కల్లాలలో కాయలు తిరగవేసేటప్పుడు, టిక్కీలకు తొక్కేటప్పుడు లేచే ఘాటు ముక్కునూ గొంతునూ మండిస్తుంది. అది అంటువ్యాధి కాదు. దూరంగా జరిగితే ఉపశమిస్తుంది. అయితే పసిబిడ్డ దగ్గును సైతం కాయల ఘాటుగా భావించి ఉపేక్షించడం ప్రాణాంతకం కావచ్చు.

ఆయుర్వేద వైద్యులు శ్వసనక జ్వరమని పేర్కొనే న్యుమోనియాలో ఊపిరితిత్తుల వాయుకోశాలు చీముతో, ద్రవంతో నిండిపోతాయి. బాక్టీరియా, వైరస్‌లు ఇందుకు ముఖ్య కారణాలు. రోగి దగ్గినా తుమ్మినా వెలువడే తుంపరల ద్వారా, అవి అంటిన చేతుల ద్వారా ఇవి వ్యాపిస్తాయి. కర్నూలు పడమటి మండలాల నుండి కోతలకు పిల్లాపాపలతో వచ్చే కూలీలు ఇరుకు గుడారాలలో చలికి దగ్గర దగ్గరగా పడుకుంటారు. చలిగాలి కంటే ఆ ఇరుకే వ్యాధికి ఎక్కువ దోహదకారి. పత్తికట్టె, మిరపకట్టె పొయ్యి పొగ దానికి తోడవుతుంది. శ్వాసమార్గాన్ని శుభ్రపరిచే సూక్ష్మకేశాలను పొగ దెబ్బతీస్తుంది. కనుక వంట ఆరుబయట చేయడం, బిడ్డను పొయ్యి దగ్గర పడుకోబెట్టకపోవడం అవసరం. స్నానానంతరం పట్టే సాంబ్రాణి పొగ కూడా పొగే.

మన ఇళ్ళలో మరొక దురాచారం ఉన్నది. ఏడ్చే బిడ్డ ముక్కు మూసి ఉగ్గుగిన్నెతో ఆముదం పోస్తారు. ముక్కులో నూనె వేసి ఊదుతారు. నూనె దగ్గు రప్పించకుండానే ఊపిరితిత్తులలోకి జారి, అక్కడే నిలిచి వాపు కలిగిస్తుంది. ఇది కూడా ఒకరకం న్యుమోనియాయే. ఏడేళ్ళు నిండనివారికి నస్యం కూడదని వాగ్భటుడు అష్టాంగహృదయంలో స్పష్టంగా నిషేధించాడు. స్వల్పమాత్రలోని ప్రతిమర్శ నస్యాన్ని అనుమతించిన మాట నిజమే గాని, గింజుకొనే బిడ్డ ముక్కులో నూనె ఒంపడం ఏ శాస్త్రమూ చెప్పినది కాదు.

మొదటి ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే ఇవ్వడం, ఎత్తుకొనే ముందు సబ్బుతో చేతులు కడుగుకోవడం ఉత్తమ రక్షణ. 2021లో దేశమంతటికీ విస్తరించిన న్యుమోకోకల్ టీకాను 6, 14 వారాలలోనూ, 9వ నెలలోనూ ప్రభుత్వ కేంద్రాలలో ఉచితంగా వేస్తారు. కోతలకు వలస వచ్చినవారు టీకా కార్డు వెంట తెచ్చుకుంటే ఇక్కడి ఆరోగ్య కేంద్రంలోనే మిగిలిన మోతాదులు వేయించవచ్చు. వృద్ధులు చుట్ట మానడం మేలు. వారికి తగిన టీకాలను గురించి వైద్యుని సంప్రదించాలి.

అల్లం, తులసి కషాయం పెద్దల గొంతుకు హాయినిస్తుందే గాని న్యుమోనియాను మాన్పదు. ఏడాదిలోపు బిడ్డకు తేనె నాకించరాదు.

దగ్గుతున్న బిడ్డ నిద్రిస్తుండగా పొట్ట కదలికను పూర్తి నిమిషం లెక్కించండి. రెండు నెలలలోపు 60, ఏడాదిలోపు 50, ఐదేళ్ళలోపు 40 సార్లు, లేక అంతకు మించి శ్వాస తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగలేకున్నా రాత్రయినా సరే వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.