గుండెలో పూడికా... కిడ్నీల సంగతీ అడగండి!

ధవళేశ్వరం దగ్గర నీళ్లు నిండుగా ఉన్నా, కాలువలో పూడిక పేరుకుంటే శివారు చేలు ఎండాల్సిందే. గోదావరి డెల్టా రైతుకి ఇది ఒకరు చెప్పక్కర్లేదు. ఒంట్లో రక్తనాళాల కథా అంతే. పైగా పూడిక ఒక్క కాలువతో ఆగదు. గుండె యాంజియోగ్రామ్‌ అవసరమైనవారిలో సుమారు పదిమందికి ఒకరికి కిడ్నీలకు వెళ్లే ధమని కూడా ఇరుకైనట్టు వివిధ దేశాల పరిశీలనలు చెబుతున్నాయి.

గుండెజబ్బు పట్నాలకే పరిమితం కాదని ఇక్కడ ఏనాడో తేలింది. ఉభయగోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో 2003-04 ప్రాంతంలో జరిగిన మరణాలకు కారణాలు ఆరాతీస్తే, నూటికి 32 గుండె, రక్తనాళాల జబ్బుల వల్లేనని వెల్లడైంది.

కిడ్నీ పొరపాటు

గుండె పంపే రక్తంలో దాదాపు అయిదో వంతు కిడ్నీలకే వెళ్తుంది. ధమని బాగా ఇరుకైతే ఆ వాటా తగ్గుతుంది. కిడ్నీ మాత్రం ఒళ్లంతటికీ రక్తం తగ్గిందనుకుంటుంది. తన తూముకి నీళ్లు రాకపోతే కాలువకే వదల్లేదనుకునే రైతులాగన్నమాట! వెంటనే రెనిన్‌ని విడుదల చేస్తుంది. దాంతో రక్తనాళాలు బిగుసుకుంటాయి, ఉప్పూ నీరూ ఒంట్లో నిలిచిపోతాయి, బీపీ పెరుగుతుంది. కుక్కల కిడ్నీ ధమనులను బిగించి, బీపీ పెరగడాన్ని 1934లోనే నిరూపించాడు అమెరికా శాస్త్రవేత్త హ్యారీ గోల్డ్‌బ్లాట్‌. ఆ భారమంతా మళ్లీ గుండె మీదే.

ఎప్పుడు అనుమానించాలి?

* 55 ఏళ్లు దాటాక ఉన్నట్టుండి బీపీ బాగా పెరిగితే
* మూడు రకాల మందులు వాడుతున్నా దిగకపోతే
* రామిప్రిల్‌, టెల్మిసార్టన్‌ లాంటివి మొదలుపెట్టాక క్రియాటినిన్‌ బాగా పెరిగితే
* స్కానింగ్‌లో ఒక కిడ్నీ రెండోదానికన్నా బాగా చిన్నగా కనిపిస్తే
* హఠాత్తుగా ఊపిరితిత్తుల్లో నీరుచేరి ఆయాసం వస్తే

వీటిలో ఏది ఉన్నా డాక్టర్ని అడగాలి. చాలామందికి డాప్లర్‌ స్కాన్‌తోనే విషయం తెలుస్తుంది.

స్టెంటే మార్గమా?

గుండెకు వేసినట్టే కిడ్నీకీ స్టెంట్‌ వేస్తే సరిపోతుందిగా అనిపిస్తుంది. కానీ, 2009లో ఆస్ట్రాల్‌, 2014లో కోరల్‌ అనే పెద్ద అధ్యయనాల ఫలితాలు వచ్చాయి. స్టెంట్‌ వేయించుకున్నవారికీ మందులే వాడినవారికీ గుండెపోటు, కిడ్నీ వైఫల్యం, మరణాల విషయంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అందుకే ఇప్పుడు చాలామందికి బీపీ మందులు, కొలెస్ట్రాల్‌ని తగ్గించే స్టాటిన్లే చికిత్స. మందులకు లొంగనివారికి, పదేపదే ఊపిరితిత్తుల్లో నీరు చేరేవారికి మాత్రం స్టెంట్‌ గురించి ఆలోచిస్తారు.

ఇంట్లో చేయాల్సిందీ ఉంది. చుట్ట, సిగరెట్‌ పూర్తిగా మానాలి. ఆవకాయ, ఎండుచేపలు తగ్గించాలి. మోకాళ్ల నొప్పులకు సొంతంగా మాత్రలు కొని మింగితే కిడ్నీలకు ముప్పు. క్రియాటినిన్‌ పెరిగిందని బీపీ మాత్రలు మీ అంతట మీరే ఆపేయడమూ ప్రమాదమే.

ఈసారి నాన్నగారిని గుండె డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేటప్పుడు ఈసీజీతోపాటు, బీపీ రాసుకున్న చీటీ, క్రియాటినిన్‌ రిపోర్టూ పట్టుకెళ్లండి.